కండ మనది, ఫీజు కట్టేది పక్కవాళ్ళ మోకాలు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 24, మెకానికల్ బీటెక్, భీమవరంలో 18 వేల ఉద్యోగం, మూడేళ్ళుగా నాగా లేకుండా జిమ్. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఏడాదిపాటు తయారై బాడీబిల్డింగ్‌లో మిస్టర్ ఆంధ్ర పోటీ కొట్టాలనీ, ఆ పేరు మీద తాడేపల్లిగూడెంలో అమ్మకానికున్న జిమ్ 11 లక్షలకు తీసుకోవాలనీ నీ ఆలోచన. నాన్నగారు పొలం తనఖా పెట్టి లోను తెస్తానన్నారు. "ఇష్టమైన పనితోనే బతకొచ్చా అన్నా?" అని అడిగావు.

బతకొచ్చు. 2007 నుంచి నేను దీని మీదే బతుకుతున్నాను. మొదట హైదరాబాద్‌లో ఫ్లోర్ ట్రైనర్‌ని, తర్వాత పర్సనల్ ట్రైనర్‌ని, 2015 నుంచి రాజమండ్రిలో సొంత జిమ్. మధ్యలో నాలుగుసార్లు పోటీ స్టేజీ ఎక్కాను. ఇల్లు గడిచింది, చెల్లెలి పెళ్ళికి నా వంతు పెట్టాను, కారు మాత్రం ఇప్పటికీ సెకండ్ హ్యాండే. అయితే నువ్వు కట్టిన నిచ్చెనలో మెట్లు ఒకదానికొకటి అతకలేదు. ముందు పోటీ, పోటీతో పేరు, పేరుతో జిమ్, జిమ్‌తో డబ్బు అనుకుంటున్నావు. స్టేజీ మీద మెరిసేది నీ ఒళ్ళు. జిమ్‌లో ఫీజు కట్టేది మోకాలు నొప్పున్న నలభై అయిదేళ్ళ అక్క, షుగరొచ్చిన బ్యాంకు మేనేజరు. వాళ్ళకి నీ ట్రైసెప్స్‌తో పనిలేదు. ఈ సంగతి తలకెక్కడానికి నాకు ఆరేడేళ్ళు పట్టింది.

ముందు పోటీ ఖర్చు చూద్దాం, దీన్ని ఎవరూ కాగితం మీద వెయ్యరు. పదహారు వారాల తయారీ అనుకో, 112 రోజులు. రోజుకి అరకిలో చికెన్ 150, పదిహేను గుడ్లు 100, బియ్యం, ఓట్స్, కూరగాయలు కలిపి 50. అంటే రోజుకు 300 చొప్పున 33,600. నెలకో కిలో వే ప్రోటీన్ పొడి 3,000 వేసుకుంటే నాలుగు నెలలకు 12,000. ఎంట్రీ ఫీజు, బస్సు, లాడ్జి, ఒంటికి పూసే ట్యాన్, పోజింగ్ ట్రంకు, పోజులు దిద్దినాయనకి దక్షిణ, అన్నీ కలిసి ఇంకో పది వేలు. మొత్తం 55,600. ఇది చాలా పొదుపు లెక్క. 2010లో ఒక జిల్లా పోటీలో నా బరువు విభాగంలో నాకు రెండో స్థానం వచ్చింది. చేతికొచ్చినవి ఒక షీల్డు, ఒక శాలువా, కవర్లో 2,000 రూపాయలు. షీల్డు మా అమ్మ టీవీ పక్కన పెట్టుకుంది. శాలువా ఏమైందో గుర్తులేదు.

ఈ ఆట గొప్పవాళ్ళకి కూడా అంత తేలిగ్గా అన్నం పెట్టలేదు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ 1968లో అమెరికా వెళ్ళిన కొత్తలో స్నేహితుడు ఫ్రాంకో కొలంబుతో కలిసి ఇటుక పని కాంట్రాక్టులు చేశాడు, పోస్టులో వ్యాయామ పాఠాలు అమ్ముకున్నాడు. 1998 నుంచి 2005 దాకా ఎనిమిదిసార్లు బాడీబిల్డింగ్‌లో అన్నిటికంటే పెద్ద టైటిలైన మిస్టర్ ఒలింపియా గెలిచిన రోనీ కోల్‌మన్, తొలి టైటిల్ గెలిచినప్పుడు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో పోలీసు ఉద్యోగి. మనవైపు చూస్తే వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారికంటే పెద్ద పేరు ఎవరికుంది? ఆయన కూడా ముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నది నిజమే, కానీ జనం డబ్బిచ్చింది డేరా దగ్గర టిక్కెట్టుకి. బలం ఒక విద్య, దాన్ని అమ్మడం ఇంకో విద్య.

పోటీల వల్ల వచ్చే గట్టి లాభం ఒకటుంది, అది ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా జాబితాలో బాడీబిల్డింగ్ కూడా ఉంది. రైల్వేకి, సైన్యం తరఫున ఆడే సర్వీసెస్‌కి జట్లున్నాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరికి కూడా నెల జీతం ఇచ్చింది భారత ఆహార సంస్థ. కాబట్టి పోటీ చేస్తే కోటా దృష్టితో చెయ్యి. ఒక జాగ్రత్త. ఈ ఆటలో సంఘాలు పుట్టగొడుగుల్లా ఉంటాయి, ప్రతివాళ్ళూ ఒక మిస్టర్ ఆంధ్ర, ఒక మిస్టర్ గోదావరి పెడతారు. నీకిచ్చే సర్టిఫికెట్ మీద ఉన్న సంఘానికి ఆ ఏడాది గుర్తింపు ఉందా, నువ్వు దరఖాస్తు పెట్టబోయే శాఖ దాన్ని ఒప్పుకుంటుందా అని కనుక్కున్నాకే ఎంట్రీ ఫీజు కట్టు. నా దగ్గర నాలుగు సర్టిఫికెట్లున్నాయి, ఒక్కటీ ఏ ఆఫీసులోనూ పనికి రాలేదు.

కండల కోసం పొడుచుకునే ఇంజెక్షన్ల గురించి నువ్వు అడగలేదు. అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే ఉద్యోగం మానేసి ఏడాది టైము పెట్టుకున్నవాడికే ఈ తొందర ముందు పుడుతుంది. 2011లో నా చివరి పోటీకి ముందు, నన్ను తయారుచేస్తున్న పెద్దమనిషి వారానికి రెండు సూదులు మొదలుపెట్టించాడు. ఆరు కిలోల కండ వచ్చింది, అబద్ధం చెప్పను. దాంతోపాటు చనుమొన వెనక గోలీకాయంత గడ్డ, వీపు నిండా మొటిమలు, మంచం మీద పడుకుంటే గుండె దడ. 2013లో పెళ్ళయింది. రెండేళ్ళు పిల్లల్లేరు, పరీక్ష చేయిస్తే లోపం నాదే. బయటినుంచి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పోస్తుంటే ఒళ్ళు సొంతంగా తయారుచెయ్యడం మానేస్తుంది, దాంతోపాటే వీర్యకణాలూ పడిపోతాయి. కోలుకోవడానికి నాకు ఏడాది పైన పట్టింది. అందరికీ కోలుకుంటుందన్న హామీ లేదు. ఇప్పటి కుర్రాళ్ళైతే మెఫెంటెర్మిన్ అనే సూదిమందు పొడుచుకుంటున్నారు. అది ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోయిన రోగికి మత్తు డాక్టరు ఇచ్చేది. హైదరాబాద్‌లో ఎన్నిసార్లు పట్టుకున్నారో పేపర్లు చూస్తూనే ఉన్నావు. నీ జిమ్‌లో ఒక్క సీసా దొరికితే జిమ్ పోతుంది, నాన్నగారి పొలమూ పోతుంది.

ఇక అసలు సంగతికొద్దాం. ఫీజు ఎవరు కడతారు?

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాటే. నా సభ్యుల పుస్తకం తీస్తే కూడా అదే కనిపిస్తుంది. రెండొందల మందిలో స్టేజీ ఎక్కాలన్న కోరికున్నవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో ముగ్గురి ఫీజు బాకీ. మిగతావాళ్ళలో ఎక్కువమంది డాక్టరు నడవమన్నాడనో, పెళ్ళిచూపులున్నాయనో, కాన్పు తర్వాత ఒళ్ళొచ్చిందనో, నడుము పట్టేసిందనో వచ్చినవాళ్ళే. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన ఏడాది ఇంకో గుంపు వస్తుంది. మన దగ్గర సివిల్ కానిస్టేబుల్‌కి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. గ్రౌండు పేరు చెబితే గుండె జారే పిల్లలు మూడు నెలల ముందు వచ్చి పడతారు. వాళ్ళకి బెంచ్ ప్రెస్ నేర్పితే ఏం లాభం? పొద్దున్నే అయిదింటికి గ్రౌండుకి తీసుకెళ్ళి, నాలుగొందల మీటర్లు ఒక రౌండు చొప్పున స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తించాలి. మొదటి రౌండులో ప్రాణం పెట్టేసి మూడో రౌండులో కూలబడే అలవాటు మాన్పించడమే అక్కడ సగం పని. ఒక బ్యాచ్‌కి ముప్ఫై మందిని తీసుకుని ఆ మూడు నెలల్లో నేను సంపాదించింది, నాలుగేళ్ళ పోటీల్లో పోగొట్టుకున్నదానికంటే ఎక్కువ.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. నువ్వు పక్కన పెట్టకూడని కథ ఇదొక్కటే.

హైదరాబాద్‌లో పర్సనల్ ట్రైనింగ్ మొదలుపెట్టిన కొత్త. పోటీకి తయారయ్యేటప్పుడు నేను పొద్దున్నే ఖాళీ కడుపుతో నలభై నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచేవాణ్ణి, కొవ్వు బాగా కరిగింది. నాకు పనిచేసింది గదా అని నా దగ్గరికొచ్చిన యాభై ఏళ్ళ మేడమ్‌గారికీ అదే చెప్పాను. ఆవిడ ఇన్సులిన్ మీద ఉన్నారు. ఆ ముక్క నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మూడో రోజు పాతికో నిమిషంలో చెమటలు, చేతులు వణుకు, ఏదో మాట్లాడబోయి మాట తడబడింది. నేనింకా "కమాన్ మేడమ్, ఇంకో అయిదు నిమిషాలు" అంటున్నాను. ఆవిడ పట్టీ మీంచి పక్కకి ఒరిగిపోయారు. అదృష్టం బాగుండి పక్క మెషీన్ మీద నర్సు అమ్మాయి ఉంది. చూడగానే కనిపెట్టి, పరిగెత్తి క్యాంటీన్‌లోంచి పంచదార నీళ్ళు తెచ్చి తాగించింది. తర్వాత షుగరు మిషన్‌తో చూస్తే, పంచదార తాగాక కూడా 58. డెబ్భై కంటే తగ్గితేనే ప్రమాదం. పదిహేను గ్రాముల చక్కెర ఇచ్చి పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలనే చిన్న సూత్రం నాకు ఆ రోజు తెలిసింది. తెలియకుండానే మూడేళ్ళు ట్రైనర్‌నని చెప్పుకు తిరిగాను.

ఆవిడ మళ్ళీ వచ్చారు, అది వాళ్ళ మంచితనం. నేను మాత్రం ఆ వారంలోనే ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజు బరువు ముట్టుకోనివ్వను. కూర్చోబెట్టి రాసుకుంటాను. షుగరు, బీపీ, గుండె, ఆయాసం, ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో గుండెపోటుతో పోయారా, మెట్లెక్కితే ఏమవుతుంది. అనుమానముంటే డాక్టరు చీటీ తెచ్చాకే మొదలు. 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయిన వారం నా ఫోన్ మోగుతూనే ఉంది. ఆ వారం నా దగ్గర ఎవరూ మానలేదు. ఆ నోటుబుక్కే కారణమని నా నమ్మకం.

చదువు గురించి. మూడేళ్ళు బరువులెత్తడం చదువు కాదు, నీ ఒంటి గురించి నీకు తెలిసిందంతే. అమెరికా సంస్థలవి ఏసీఈ, ఎన్‌ఏఎస్‌ఎం, ఏసీఎస్‌ఎం సర్టిఫికెట్లకి పెద్ద జిమ్‌లలో విలువుంది. మన దేశంలో ముంబయి కె లెవెన్ లాంటివి ఉన్నాయి. కోచింగ్ వైపు వెళ్ళాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. నువ్వు బీటెక్ కాబట్టి ఇంగ్లీషు పుస్తకం చదవగలవు, ఏసీఈ దగ్గర మొదలుపెట్టు. ఆ పరీక్ష రాయాలంటే పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి, సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స, దాని శిక్షణ పత్రం ఉండాలి. ఆ సీపీఆర్ ఏదో కాగితం కోసం కాకుండా నిజంగా నేర్చుకో. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కడం బొమ్మ మీద రెండు నిమిషాలు చేస్తే తెలుస్తుంది, మన భుజాల్లో ఎంత సత్తా ఉందో.

సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా ఉద్యోగం మానొద్దు. భీమవరంలోనే ఏదో ఒక జిమ్‌లో సాయంత్రం రెండు మూడు గంటలు ఫ్లోర్ మీద నిలబడు, జీతం ఎంతిచ్చినా సరే. ఫ్లోర్ ట్రైనర్ పని బయటికి కనిపించేటంత గొప్పగా ఉండదు. ప్లేట్లు సర్దాలి, చెమట తుడవాలి, రోజూ నలుగురైదుగురికి అదే స్క్వాట్ మళ్ళీ మళ్ళీ చూపించాలి. మన పాత వ్యాయామశాలల్లో దాన్నే బస్కీలు అనేవారు. మా తాతగారు డెబ్భయ్యో ఏట కూడా రోజుకి యాభై తీసేవారు, ఆయనకి ఏ సర్టిఫికెట్టూ లేదు. అదలా ఉంచు. ఆ ఫ్లోర్ మీద ఏడాది నిలబడితే నీకు ఒక సంగతి తేలిపోతుంది. ఎదుటివాళ్ళు అయిదు కిలోల డంబెల్‌ని మొదటిసారి సరిగ్గా ఎత్తినప్పుడు నీకు సంతోషం కలుగుతోందా, లేక ఎప్పుడు అద్దం ఖాళీ అవుతుందా, నా సెట్ ఎప్పుడు వేసుకుందామా అని చూస్తున్నావా? రెండోదైతే ఉద్యోగం చేసుకుంటూ నీ జిమ్ నువ్వు చేసుకో. అందులో తప్పేం లేదు, ఆ ఇష్టం అలాగే పదికాలాలు ఉంటుంది.

మొదటిదైతే డబ్బు ఎలా వస్తుందో విను. మావైపు ఫ్లోర్ జీతం 12 నుంచి 15 వేలు. పర్సనల్ ట్రైనింగ్ నెలకి పన్నెండు సెషన్లకి 5,000 అనుకుంటే అందులో సగం జిమ్‌ది, సగం నీది. జనం వచ్చే గంటలు పొద్దున అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది. అంటే రోజుకి ఎనిమిది గంటలు, గంటకొకరు. వారానికి మూడు రోజుల చొప్పున రెండు జట్లు పెట్టుకుంటే పదహారు మంది. పదహారు రెండున్నర వేలు నలభై వేలు, జీతంతో కలిసి 52 నుంచి 55 వేలు. ఇది ఆకాశం, ఇంకా పైకి లేదు. నిజానికి పదిమందికి మించి నిలబడరు, జ్వరాలు, పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణాలు పోగా 35 వేల చుట్టూ తిరుగుతుంది. దానికోసం పొద్దున నాలుగున్నరకి లేవాలి, రాత్రి పదింటికి ఇల్లు చేరాలి, మధ్యాహ్నం పడుకోవాలి. పెళ్ళయ్యాక ఈ టైమింగ్సే మొదటి గొడవ. మా ఇంట్లో ఇప్పటికీ సద్దుమణగలేదు.

ఆ ఖాళీ మధ్యాహ్నం మీద నాకు దారి దొరికింది కరోనా తర్వాత. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆడవాళ్ళ బ్యాచ్ పెట్టాను, లేడీ ట్రైనర్‌తో. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించుకుని వస్తారు. ఒక్కసారి నమ్మకం కుదిరితే ఏళ్ళ తరబడి మానరు, పైగా తోడికోడళ్ళనీ, పక్కింటావిడనీ తీసుకొస్తారు. ఈ బ్యాచ్ లేకపోతే నా జిమ్ 2022లోనే మూతపడేది. ఇక నాలుగున్నరకి వీడియోలో డల్లాస్ వాళ్ళు. మన సాయంత్రం నాలుగున్నర వాళ్ళకి వేసవిలో పొద్దున ఆరు. చలికాలం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పితే మనకి అయిదున్నర అయి ఇక్కడి రద్దీతో తగులుకుంటుంది, అది ముందే మాట్లాడుకోవాలి. మన గోదావరి జిల్లాల పిల్లలు అక్కడ చాలామంది. తెలుగులో "మోకాలు బయటికి నెట్టమ్మా" అని చెప్పే మనిషి కావాలి వాళ్ళకి. వాళ్ళమ్మలు ఇక్కడ నా బ్యాచ్‌లో ఉంటారు, పరిచయాలన్నీ అలా వచ్చినవే. యూట్యూబ్ మీద ఆశ పెట్టుకోకు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ లాంటి గీతలు దాటాకే ప్రకటనల వాటా మొదలవుతుంది. వచ్చే డబ్బు కూడా చాక్లెట్లకి సరిపోతుంది. వీడియోలు పెట్టు, కానీ మీ ఊరి జనం నిన్ను గుర్తుపట్టడానికి పెట్టు.

తిండి విషయంలో ఒక్క మాట. కొత్త ట్రైనర్లు అందరికీ ఉడికించిన చికెన్, బ్రకోలీ రాసిచ్చేస్తారు. తాడేపల్లిగూడెంలో శనివారం నీచు ముట్టని ఇళ్ళెన్ని? కార్తీకమాసం నెల, అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు, రంజాన్ ఉపవాసాలు వీటికి తగ్గట్టు ప్లాన్ మార్చలేనివాడు ఇక్కడ ట్రైనర్‌గా నిలబడడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు, అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. మనవాళ్ళ కంచంలో అన్నం కొండంత, పప్పు గోరంత. ఆ కొలతలు అటూ ఇటూ చేసి, పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, వారానికి రెండుసార్లు ఉలవ గుగ్గిళ్ళు, రాత్రి ఒక కప్పు పెరుగు పెట్టిస్తే సగం మందికి అదే పెద్ద మార్పు. ఆ సంస్థే 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దంది. పోటీకి దిగేవాడి సంగతి వేరని నా అభిప్రాయం, కానీ మోకాళ్ళ నొప్పి అక్కకి డబ్బా అంటగట్టకు. రూపాయికి పావలా కమీషన్ ఇస్తామని డీలర్లు వస్తారు. ఆ లాభం తియ్యగానే ఉంటుంది. నకిలీ డబ్బా ఒక్కటి పడితే మాత్రం పదేళ్ళ నమ్మకం పోతుంది. పైగా అమ్మాలంటే ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ ఉండాలి.

ఇక ఆ 11 లక్షల జిమ్. కాగితం తీసుకో.

అద్దె 40 వేలనుకో. కరెంటు కమర్షియల్ కేటగిరీ, ఏసీలతో సగటున 20 వేలు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఇద్దరు ట్రైనర్లు, ఒక లేడీ ట్రైనర్, ఊడ్చే మనిషి కలిపి 52 వేలు. 11 లక్షల లోను 12 శాతం వడ్డీతో అయిదేళ్ళకి తీసుకుంటే వాయిదా నెలకి సుమారు 24,500. రిపేర్లు, నీళ్ళు, నెట్, పాటలు పెట్టడానికి లైసెన్సు వగైరా 12 వేలు. మొత్తం 1,48,500. ఏడాది ఫీజు 9,000 అంటే మనిషికి నెలకు 750. భాగించు. 198 మంది ఉంటే నీకు సున్నా. నువ్వు నెలకి పాతిక వేలు తీసుకోవాలంటే ఇంకో ముప్ఫై నలుగురు, 232. 232 తొమ్మిది వేలు 20 లక్షల 88 వేలు. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత 20 లక్షలు. అంటే నువ్వు జీతం తీసుకోవడం మొదలుపెట్టిన ఏడాదే గీత దాటతావు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ ఫీజు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, అది సభ్యులకి మంచిదే. కాకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. కొత్త ట్రెడ్‌మిల్ కొన్నప్పుడు కట్టిన పన్ను ఇక మనమీదే.

దీనికి తోడు ఋతువులు. సంక్రాంతి వెళ్ళగానే జనవరి ఆఖరున నిండుతుంది, మార్చి పరీక్షలకి కుర్రాళ్ళు పోతారు, మేలో ఊళ్ళకి పోతారు, వానాకాలం పొద్దున బ్యాచ్ సగం. శ్రావణ మాసం ముహూర్తాల ముందు పెళ్ళికొడుకులు వచ్చి రెండు నెలల్లో ఆరు పలకల పొట్ట అడుగుతారు. ఫీజు ముందే కట్టించుకో, ముహూర్తం అయ్యాక కనిపించరు.

ఆ జిమ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు మెషీన్ల మీద స్టిక్కర్లు చూసి మురిసిపోవద్దు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడుగు, ఏ నెల ఎంతమంది వచ్చారో అవే చెప్తాయి. ట్రెడ్‌మిల్ మీద నీ బరువుతో ఇరవై నిమిషాలు పరిగెత్తి మోటారు మీద చెయ్యి పెట్టి చూడు. కేబుళ్ళు పుల్లీ దగ్గర చిట్లాయేమో వేలితో తడుము. లీజు ఎవరి పేరున ఉంది, ఇంకెన్నాళ్ళుంది, ఇంటాయన నీ పేరున కొత్తది రాస్తాడా అన్నది ఆయన్నే అడుగు. కింది అంతస్తులో ఎవరున్నారో చూడు. డెడ్‌లిఫ్ట్ బరువు కింద పడ్డ ప్రతిసారీ వాళ్ళ సీలింగు పెచ్చులు రాలితే నువ్వు రోజూ పంచాయితీలో ఉంటావు.

అన్నిటికంటే ముఖ్యం సభ్యుల పుస్తకం. సంక్రాంతికి "ఏడాదికి 5,999" అని ఆఫర్ పెట్టి, జిమ్ అమ్మే అతను నూట నలభై మంది దగ్గర డబ్బు తీసుకున్నాడనుకో. నువ్వు జూన్ ఆఖర్లో జిమ్ చేతికి తీసుకుంటే వాళ్ళకి ఇంకా ఆరేడు నెలలు మిగిలి ఉంటాయి. ఆ డబ్బు అతను ఖర్చు పెట్టేసుకున్నాడు, సేవ చెయ్యాల్సింది నువ్వు. తలకి మూడు వేలు చొప్పున 4 లక్షల 20 వేలు. నువ్వనుకుంటున్న 11 లక్షల జిమ్ ధర అసలు 15 లక్షల పైన. ఈ లెక్క చెప్పి ధర తగ్గించమను, లేదా ఆ మొత్తం మినహాయించుకుని కట్టు. ఎవరెవరు ఎప్పుడు కట్టారో, ఎవరికి ఎన్ని నెలలున్నాయో పేరు పేరునా రాయించి అతని సంతకం తీసుకో. పుస్తకం చూపించనంటే మాత్రం నాన్నగార్ని పొలం కాగితాలు బయటికి తియ్యనివ్వకు. ఆ జిమ్‌లోనే నెల ఫీజు కట్టి సభ్యుడిగా చేరి, సాయంత్రం ఆరూ ముప్పావుకి ఎంతమంది ఉంటున్నారో నెల రోజులు లెక్కపెట్టి నాకు రాయి.